ఫోన్ చెరిపేసిన నీలి మచ్చ

నా ఉద్యోగం చివరి ఏడాది, ఏప్రిల్ మొదటి తేదీన, నన్ను గోదావరిఖనిలోని ఒక ఏరియా కార్యాలయానికి ఫోటోగ్రాఫర్‌గా మార్చారు. కొన్ని గనుల్నీ, వాటి కాలనీల్నీ, దవాఖాననూ కలిపి మా బొగ్గు కంపెనీలో ఏరియా అంటారు. దానికి పెద్ద జనరల్ మేనేజర్. అంతకు ముందు బెల్లంపల్లిలో చాలా ఏళ్లు, తర్వాత రామగిరి వైపు కొన్నేళ్లు ఇదే పని చేశాను. జెండా వందనాలు, పెద్దవాళ్ల పర్యటనలు, ప్రమాదం జరిగిన చోట్లు, నెలాఖరున రిటైరయ్యే కార్మికులకు శాలువాలు కప్పే సభలు, గుర్తింపు కార్డుల ఫోటోలు, అన్నీ నా ఖాతాలోవే. హోదా చెప్పుకోదగ్గదేమీ కాదు. సభలో ఆఫీసర్లకు కుర్చీలు వేస్తారు, కార్మికులకు బెంచీలు వేస్తారు, ఫోటోగ్రాఫర్‌కు ఏమీ వెయ్యరు.

కొత్త చోట చేరిన మూడో రోజునే నా కెమెరాను బీరువాలో పెట్టించారు. ఇకనుంచి గుర్తింపు కార్డుల ఫోటోలు, రిటైరైనవాళ్ల మెడికల్ కార్డుల ఫోటోలు సంక్షేమ విభాగం గుమాస్తాలే ఫోన్‌తో తీస్తారట. తీసిన ఫోటో అక్కడికక్కడే కంప్యూటర్లోకి ఎక్కుతుందట. ఈ ఏర్పాటు చేసినవాడు మా సంక్షేమ అధికారి, ముప్పై ఏళ్ల కుర్రవాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు, మోసం తెలియనివాడు. "మీరు పెద్దవారు, ఇంకెంత కాలం ఈ బరువు మోస్తారు సార్, హాయిగా రెస్ట్ తీసుకోండి" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. నేనేమైనా రెస్ట్ అడిగానా?

అంతటితో ఊరుకోలేదు. నన్ను తన గదికి పిలిచి, ఒకే గుమాస్తాను వాకిట్లో నిలబెట్టి నా కెమెరాతో ఒకటి, తన ఫోన్‌తో ఒకటి ఫోటో తీయించి, రెండింటినీ కంప్యూటర్ తెర మీద పక్కపక్కన పెట్టాడు. ఫోన్ ఫోటోలో ఆకాశం నీలంగా, మనిషి తెల్లగా, అంతా కళకళలాడుతూ ఉంది. నా ఫోటోలో ఆకాశం గోదావరిఖని ఆకాశంలాగే, దుమ్ముకొట్టుకుని ఉంది. గుమాస్తా మొహం గుమాస్తా మొహంలాగే ఉంది. గదిలో ఉన్నవాళ్లందరినీ ఏది బావుందని అడిగాడు. అందరూ ఫోన్‌దే అన్నారు. ఫోటో దిగిన గుమాస్తా అందరికంటే ముందు అన్నాడు. బావుండటం వేరు, ఉన్నది ఉన్నట్టు ఉండటం వేరు అని నేను చెప్పబోతే, "మీ నాన్నగారి స్టూడియోలో టచింగ్ చేసేవారు కదా సార్, ఇదీ అంతే" అని నవ్వాడు.

టచింగ్ మాట నిజమే. మా నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్టూడియో పెట్టుకున్నారు. పెళ్లిచూపుల ఫోటో అంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొటిమలు, మచ్చలు కప్పేసేవారు. ఆ పని నేనూ నేర్చుకున్నాను. కానీ అడిగినవాళ్లకే చేసేవాళ్లం. గుర్తింపు ఫోటోకు పెన్సిల్ తాకిస్తే చెయ్యి విరగ్గొడతానని మా నాన్న చెప్పి ఉంచారు. ఫోన్‌కు అలా చెప్పే నాన్న ఎవరూ లేరు.

ఇక్కడ వృత్తికి సంబంధించిన రెండు ముక్కలు చెప్పాలి. ఫోన్‌లో వెలుతురును పట్టే పలక చిటికెన వేలి గోరంత ఉంటుంది. నా కెమెరాలోది తపాలా బిళ్ళ కంటే పెద్దది. పలక చిన్నదైతే పట్టే వెలుతురూ తక్కువే. ఆ లోటును ఫోన్ లెక్కలతో పూడుస్తుంది. ఒక్క నొక్కుకు నాలుగైదు ఫోటోలు తీసి, కలిపి, చీకటిని తేలిక చేసి, చర్మం మీది గరుకును మచ్చ అనుకుని నున్నగా చేసి, ఇదిగో నీ ఫోటో అంటుంది. పైగా దాని కటకం వెడల్పు ఎక్కువ కాబట్టి దగ్గర్నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. మనిషి మొహం మనిషి మొహంలా రావాలంటే ఆరేడు అడుగుల దూరంలో నిలబడి, పొడుగు కటకంతో, పక్కనుంచి వెలుతురు పడేలా తియ్యాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు, వారం రోజుల్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. అయినా నేర్పమని నన్ను ఒక్కరూ అడగలేదు.

రోజువారీ ఫోటోకు ఫోన్ చాలదని నేను ఏనాడూ అనలేదు. నా జేబులోనూ ఫోనే ఉంది. మనవరాలు ఉయ్యాల ఊగితే కెమెరా సంచీ విప్పేలోపు ఉయ్యాల ఆగిపోతుంది. పెళ్లి భోజనాలు, వాన, వాకిట్లో ముగ్గు, ఇవన్నీ ఫోన్‌తోనే తీస్తాను, బాగానే వస్తాయి. నా పేచీ ఒక్కటే. గుర్తింపు ఫోటో చూడటానికి రోజువారీ ఫోటోలాగే ఉంటుంది, కానీ కాదు. దాన్ని మనిషికి బదులు సాక్ష్యానికి నిలబెడతారు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో రాజయ్య సంగతిలో తెలిసింది. రాజయ్య భూగర్భ గనిలో పైకప్పుకు ఊతాలు నిలబెట్టే పని చేసి, మే నెలాఖరున రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు పైనుంచి బొగ్గు పెచ్చు ఊడిపడి ఎడమ కనుబొమ్మ మీద చిట్లింది. బొగ్గు పొడి లోపలే ఉండిపోయి గాయం మానితే చర్మం కింద నీలి మచ్చ నిలిచిపోతుంది, చచ్చేదాకా పోదు. పాత కార్మికులు చాలామందికి ఎక్కడో ఒకచోట అది ఉంటుంది. రాజయ్యది రెండంగుళాల పొడుగు, వీధి చివర్నుంచి కనిపిస్తుంది. ఉద్యోగంలో ప్రతి కార్మికుడికీ ఒక రికార్డు ఉంటుంది, అందులో ఒంటి మీది గుర్తులు రాస్తారు. అతని రికార్డులో మొదటి గుర్తు ఆ మచ్చే.

రిటైరైనవాళ్లకు, వాళ్ల భార్యలకు కలిపి కంపెనీ ఒక మెడికల్ కార్డు ఇస్తుంది. ఉద్యోగంలో ఉన్నప్పటి కార్డు రిటైరైన రోజుతో చెల్లదు. కొత్తది వస్తేనే మా దవాఖాన నుంచి హైదరాబాదు పెద్ద దవాఖానకు పంపే చీటీ దొరుకుతుంది. రాజయ్య భార్య లచ్చవ్వకు ఎన్నో ఏళ్లుగా షుగరు. ఎడమ కాలి బొటనవేలి దగ్గర పుండు పడి మానడం లేదు. జల్దిగా హైదరాబాదు తీసుకెళ్లమని డాక్టరు కాగితం రాసి ఇచ్చారు. జూన్ మొదటి వారంలో మొగుడూ పెళ్లాలు కార్యాలయానికి వచ్చి తెల్లగోడ ముందు నిలబడితే గుమాస్తా ఫోన్‌తో జంట ఫోటో తీశాడు. ఫోటో చూసుకుని లచ్చవ్వ "సూడు, నన్ను పెండ్లిపిల్లను చేసిండు" అని మురిసిపోయిందట.

మురిపెం నాలుగు రోజులే. కార్డు తయారయ్యే ముందు ఫోటోను రికార్డుతో సరిచూడాలి. రికార్డులో నీలి మచ్చ ఉంది, ఫోటోలో నుదురు కడిగిన పళ్లెంలా ఉంది. మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. వెనకటి రోజుల్లో అన్న పేరుతో తమ్ముడు, బావ పేరుతో బామ్మర్ది గనిలో చేరి జీవితమంతా మారుపేరుతోనే పని చేసినవాళ్లు ఉన్నారు. ఆ భయంతో, గుర్తు తేడా వస్తే కార్డు ఆపి ఫైలును విచారణకు పంపాలని నియమం పెట్టారు. నియమం తప్పు కాదు. రాజయ్య ఫైలు విచారణకు పోయింది.

ఆ రోజు మధ్యాహ్నం అతను తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. బెల్లంపల్లి రోజుల నుంచి ఎరుగుదును.

"సారూ, నేను నేనేనా కాదా అని అడుగుతున్నరు ఆఫీసుల. ముప్పై నాలుగేండ్లు బాయిల దిగిన. నేను గాకుంటె ఎవడు దిగిండు?"

మా దగ్గర గనిని బాయి అంటారు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"గీ మచ్చ మా ఇంట్ల అద్దంల కనవడ్తది, వాళ్ల ఫోన్ల కనవడ్తలేదట. వేలు వెట్టి సూపిచ్చిన సారూ. అది మాకు కనవడ్తంది గని ఫోటోల లేదు గదా అంటరు. లచ్చవ్వ కాలు నల్లవడ్తంది. ఎవలకు చెప్పాలె?"

ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు. మనిషి మూడడుగుల దూరంలో నిలబడి, మచ్చ మీద వేలు పెట్టి చూపిస్తుంటే, ఆ మనిషిని వదిలేసి తెర వైపు చూశారు! కళ్ళు ఎందుకిచ్చాడు దేవుడు? పోనీ, నిన్న మొన్న చేరిన పిల్లలు అనుకుందామంటే, వాళ్లలో ఇద్దరు ఇదే గని కార్మికుల బిడ్డలు.

కంప్యూటర్లో ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. నీలి మచ్చ లేదు. కళ్ల కింది ముడతలు లేవు. లచ్చవ్వ గడ్డం మీది పచ్చబొట్టు మూడొంతులు వెలిసిపోయింది, ముక్కుపుల్ల చర్మంలో కరిగిపోయింది. ఇద్దరి మొహాలూ ప్లాస్టిక్ బకెట్ల మాదిరి నున్నగా మెరుస్తున్నాయి. అరికాలి మంట నెత్తికెక్కి నేరుగా సంక్షేమ అధికారి గదిలోకి వెళ్లాను.

అతను నమ్మలేదు. అంత ఖరీదైన ఫోన్ లేనిది చూపించదు, ఉన్నది దాచదు అన్నాడు. ఆ ఉదయం అతను గడ్డం గీసుకుంటూ దవడ దగ్గర కోసుకున్నాడు, ఎర్రగా కనిపిస్తోంది. ఆ ఫోనే ఇమ్మని అడిగి అతన్ని ఒక ఫోటో తీశాను. బీరువా తాళం తీయించి నా కెమెరాతో ఇంకొకటి తీశాను. రెండూ తెర మీద పెట్టమన్నాను. కెమెరా ఫోటోలో కోత ఉంది. ఫోన్ ఫోటోలో కోతా లేదు, దవడ మీది గరుకూ లేదు. అతను ఫోన్‌లో ఎక్కడెక్కడో వెతికి, చివరికి మొహాన్ని అందంగా చేసే మీట ఒకటి కనిపెట్టాడు. కొన్నప్పటి నుంచి అది తెరిచే ఉంది. మూసి తీస్తే అదే ఫోన్‌లో కోత కనిపించింది. అంటే ఫోన్‌కు చేతకాక కాదు, చూసుకునే నాథుడు లేక. ఒక్క మీట! దాని మూలంగా ఒక మనిషి తను తానేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే రాజయ్యను, లచ్చవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టి నా కెమెరాతో ఫోటో తీశాను. మచ్చ నీలంగా, పచ్చబొట్టు ఆకుపచ్చగా, ముక్కుపుల్ల మెరుస్తూ వచ్చాయి. అయితే ఆ ఫోటోను ఫైలులో పెట్టడానికి వీల్లేదన్నారు. విచారణలో ఉన్న ఫైలును ముట్టుకోకూడదు. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి, అందులో ఒకాయన సెలవులో ఉన్నారు.

ఇక్కడి నుంచి జరిగినదానిలో నా పాలు ఉంది. దాన్ని దాచి ఈ జ్ఞాపకం రాస్తే నేనూ ఆ ఫోన్‌లాంటివాణ్ణే అవుతాను. ఆ రాత్రి కూర్చుని నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. ఫోన్ పలక ఎంత, కెమెరా పలక ఎంత, వెలుతురు ఎటు పడాలి, మచ్చ ఎలా చెరిగింది, అన్నీ బొమ్మలతో సహా వివరించాను. పొద్దున్నే జనరల్ మేనేజర్ పేషీలో ఇచ్చాను. నాకప్పుడు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. దాన్ని చదివిన వాళ్లెవరో, ఫోటో లోపం రుజువైతే బాధ్యులెవరో తేలాలి కదా అని దాని మీద ఇంకో ఫైలు తెరిచారు. గుమాస్తాను సంజాయిషీ అడిగారు, నన్ను సాక్షిగా రమ్మన్నారు. మొదటి ఫైలు రెండో ఫైలు తేలేదాకా ఆగింది. నేను రోజూ పోయి ఒక్కో గదిలో ఫోన్‌ను దులిపేసి వస్తున్నాను. వినేవాళ్లు తలలూపుతున్నారు. నాకూ ఉత్సాహంగానే ఉంది.

తొమ్మిదో రోజున ఖాజా భాయ్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కార్డుల సీట్లో ఇరవై ఏళ్లుగా కూర్చున్న గుమాస్తా, సెలవు మీద ఊరెళ్లి ఆ పొద్దున్నే వచ్చాడు. ఫైలు చదివాడట.

"క్యా సాబ్, మీరు ఫోన్‌తోని కొట్లాడుతున్నరు. ఆ అవ్వ కాలు సంగతి ఎవలు జూస్తున్నరు?" అన్నాడు.

కార్డు ఆగినా చికిత్స ఆగనక్కర్లేదట. ఈయన మా గనిలో పని చేసిన ఫలానా మనిషే అని గని మేనేజర్ ఒక చీటీ రాసిస్తే, దవాఖాన పెద్ద డాక్టరు దాని మీద తాత్కాలికంగా హైదరాబాదుకు పంపవచ్చు. పాత నియమమే, అందరూ మరిచిపోయారు. సంక్షేమ అధికారికి తెలియదు. ఇన్నేళ్ల సర్వీసు ఉన్న నాకూ తెలియదు, ఎవరినీ అడగాలని తోచలేదు.

నేను, రాజయ్య స్కూటర్ మీద గనికి వెళ్లాం. మేనేజర్ రాజయ్యను చూడగానే లేచి "ఏం రాజన్నా, మంచిగున్నవా?" అని చెయ్యి పట్టుకున్నాడు. ఫోటో అడగలేదు, రికార్డు అడగలేదు. చీటీ రాసి సంతకం పెట్టి ముద్ర వేశాడు. వెళ్లడం, రావడం, దవాఖానలో సంతకం, అంతా కలిపి గంటన్నర. ఆ సాయంత్రమే లచ్చవ్వ అంబులెన్స్ ఎక్కింది.

హైదరాబాదులో మొదట బొటనవేలు తీశారు. వారం తర్వాత మిగతా వేళ్లతో పాటు పాదం ముందు సగం తీశారు. మొదట కాగితం రాసిన మా డాక్టరును కలిసి, ఆ రోజే పంపి ఉంటే ఏమయ్యేదని అడిగాను. కచ్చితంగా చెప్పలేను గానీ ఒక్క వేలితో పోయేదేమో అన్నారు. ఆ "ఏమో"ను పట్టుకుని నేను చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కమిటీ జూలై ఆఖరులో కూర్చుని, రాజయ్య రాజయ్యే అని తేల్చింది. ఫోటోలు స్పష్టంగా తియ్యాలని అన్ని గనులకు ఒక సర్క్యులర్ పంపారు. ఆ మీట గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూడాలన్న మాట అంతకన్నా లేదు. సిగ్గులేకపోతే సరి! సంక్షేమ అధికారి మాత్రం తనంతట తాను గనులన్నీ తిరిగి ప్రతి ఫోన్‌లోనూ దాన్ని మూయించాడు. లచ్చవ్వ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాడు. నా కెమెరా బీరువాలోంచి బయటికి వచ్చింది. నేను గెలిచానని నలుగురూ అన్నారు. వింటుంటే తల కొట్టేసినట్టయింది.

కార్డు కోసం దరఖాస్తు మళ్లీ కొత్తగా నింపాలన్నారు. ఆగస్టులో ఇద్దరూ వచ్చారు. లచ్చవ్వ రాజయ్య భుజం పట్టుకుని, కర్ర ఊతంగా మెల్లగా నడిచింది. ఈసారి ఖాజా భాయే స్వయంగా నింపాడు. రాజయ్య గుర్తులు రాసుకున్నాక లచ్చవ్వవి అడిగాడు. గడ్డం మీద పచ్చబొట్టు అని రాశాడు. రెండో గుర్తు ఏముందవ్వా అన్నాడు. ఆమె చీర కుచ్చిళ్లు కొంచెం పైకి తీసి కట్టు కట్టిన పాదం ముందుకు చాపింది.

"ఇగో, గిది రాయి బిడ్డా. ఇది ఏ ఫోన్లకెంచి పోదు" అంది.

ఖాజా భాయ్ రాశాడు. నేను ఫోటో తీశాను.

ఆ ఏడాదే రిటైరయ్యాను. వృత్తిలోకి వచ్చే పిల్లలు ఫోన్ మంచిదా, కెమెరా మంచిదా అని నన్ను అడుగుతుంటారు. ఇంటి ఫోటోకు ఫోన్ చాలు. సాక్ష్యానికి నిలబడే ఫోటోకు కెమెరా మేలు. ఫోనే దిక్కయితే అందం చేసే మీట మూసి, తీసిన ఫోటోను మనిషి పక్కన పెట్టి, మచ్చ మచ్చనూ సరిచూసుకుని పంపాలి. ఇది ఫోన్ నేర్పిన పాఠం. రెండోది నా తొమ్మిది రోజులు నేర్పాయి. పని చెడినప్పుడు తప్పెవరిదో తేల్చడం తర్వాత, ముందు ఆ మనిషికి కావలసింది ఏమిటో అడిగి, దానికి దారి తెలిసినవాణ్ణి వెతకాలి. నేను ఆ వరుస తప్పాను.